మడవడ్లు తిన్న పన్నెండుమంది

సెలానా దీవిలో మంత్రి మాటకి ఎదురు చెప్పినవాళ్ళున్నారు గానీ, గవరయ్య నాలుకకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఏటి తూము దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళుగా అతని పని ఒకటే. తెల్లారగానే మెట్లు దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, ఒక మాట చెప్పడం. "తియ్యన" అంటే తూము తలుపు లేస్తుంది, ఏటినీళ్ళు దుంపతోటలకి పారతాయి. "ఉప్పు" అంటే తలుపు దిగే ఉంటుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు ఏట్లోకి ఎగదన్నుతుంది, ఆటుకి దిగిపోతుంది. అది పద్ధతి. ఎండలు ముదిరితే సముద్రం పద్ధతి తప్పుతుంది. ఆటు వచ్చినా దిగిపోదు, ఏట్లోనే పడుకుంటుంది. కళ్ళకి నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. నాలుకకే తెలుస్తుంది.

వ్యవసాయ శాఖవాళ్ళు ఉప్పు కొలిచే మీటరొకటి ఇచ్చారు. అది పాకలో మేకుకి వేలాడుతోంది. దానికి బ్యాటరీ వేసిన పాపాన ఎవరూ పోలేదు.

దీవి చిన్నది. నాలుగు తరాల కిందట చెరకు నరకడానికి కూలీ ఓడలో వచ్చిన తెలుగువాళ్ళు, అంతకుముందే ఉన్న క్రియోలువాళ్ళు, అందరూ కలిసి నలభై వేలమంది. చెరకు పోయింది, మనుషులు మిగిలారు. కూడు మాత్రం ఓడలో రావాలి. ఏడాదికి ఆరు బియ్యం ఓడలు వచ్చేవి. పెద్ద దేశాల్లో వానలు తప్పి ఎవరి గింజలు వాళ్ళు దాచుకోవడం మొదలెట్టాక నాలుగయ్యాయి. కిందటేడు రెండు. దీవిలో మంచి నేల అరచెయ్యంత. అందులో పండే చేమ, పెండలం సగంమందికి సగం కడుపు. తక్కినదంతా చవుడు తీరం. అక్కడ గడ్డి కూడా మొలవడానికి ఆలోచిస్తుంది.

ఆ చవుడు మీదే గవరయ్య కూతురి కన్ను పడింది.

కూతురి పేరు తవిటమ్మ. ఆమెకి ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు. అందుకని ఈమె పుట్టగానే పక్కింటావిడ చేతికిచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు, దేవుడి కళ్ళు కప్పడానికి. ఆ పిల్ల చదువుకుని వరి మొక్కలకి డాక్టరైంది. "తవుడుకి కొన్న గుంట వడ్లకే దొరసాని అయిందిరా" అని ఊరు నవ్వుకుంది. ప్రభుత్వ విత్తనక్షేత్రంలో రేకుల షెడ్డు ఆమె ప్రయోగశాల.

ఏడేళ్ళు ఆమె ఒక్క పనే చేసింది. తీరాన మడచెట్లున్నాయి. సముద్రంలో కాళ్ళు పెట్టుకుని బతికేస్తాయి. తాగిన ఉప్పుని ఆకుల మీదకి చెమటలా తోసేస్తాయి. ఆ గుణాన్ని మడచెట్టులోంచి తీసి వరిలో పెట్టాలని పట్టుపట్టింది. మూడో ఏడు మొక్కలు నల్లబడి చచ్చాయి. ఐదో ఏడు వెన్నులొచ్చాయి, అన్నీ తాలు. ఏడో ఏడు ఒక పొద్దున్న తండ్రి చెయ్యి పట్టుకుని మడి దగ్గరికి లాక్కెళ్ళింది.

మోకాలిలోతు సముద్రపు నీళ్ళలో వరి. ఆకుల కొసల మీద ఉప్పు పొడిపొడిగా పేరుకుని ఎండకి మెరుస్తోంది. గవరయ్య ఒక గింజ గిల్లి కొరికాడు. పాలు. తియ్యటి పాలు. ఉప్పు జాడ లేదు.

"ఏటయ్యా, ఏదో ఒకటి చెప్పు" అంది తవిటమ్మ.

"వరే" అన్నాడు గవరయ్య.

ఏడేళ్ళ చాకిరీకి ఆ ఒక్క మాటే దొరికింది. ఆమెకి చాలు. ఆ మనిషి కూతురే కదా.

మడచెట్టు గుణమున్న వడ్లు కాబట్టి మడవడ్లన్నారు. తీరం పొడుగునా మూడు వేల ఎకరాలు ఈ వడ్లు వేస్తే ఓడ కోసం ఎదురుచూసే పనుండదని ఆహార ప్రణాళిక శాఖ పెద్ద మార్సెల్ గోడమీద పటం కూడా గీయించాడు. కానీ ముందు మనుషులు తిని చూడాలి. ఆరు నెలలు. విత్తనక్షేత్రం పాత కూలీలు పదకొండుమంది ముందుకొచ్చారు. పన్నెండోవాడు గవరయ్య. కూతురు వద్దంది.

"నేను తినంది ఊరికెలా పెడతావు?" అన్నాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

నెలనెలా పట్నం ఆసుపత్రిలో రక్తం తీశారు, గుండె విన్నారు, కాలేయం చూశారు. అన్నీ రాయిలా ఉన్నాయి. ఆదివారం ఆదివారం తవిటమ్మ ఇంటింటికీ వచ్చి ఒక ప్రశ్న అడిగేది. "అన్నం ఎలా ఉంది?"

"బాగుంది" అనేవారు పన్నెండుమందీ. ఆమె రాసుకునేది.

ఆరు నెలలు అయిపోవచ్చాయి. తీరమంతా దున్నడానికి అనుమతి ఇచ్చే సభ ఇరవై రోజుల్లో ఉంది. అప్పుడొక పొద్దున్న గవరయ్య మెట్లు దిగి, నీళ్ళు నాలుక మీద వేసుకుని, "తియ్యన" అన్నాడు. తలుపు లేచింది.

నాలుగో రోజుకి చేమ ఆకుల అంచులు మాడాయి. ఆరో రోజుకి పెండలం తీగలు వాలిపోయాయి. నూట నలభై ఎకరాలు. తెగులన్నారు. ఎండదెబ్బన్నారు. ఎవరి దిష్టో అన్నారు. నీళ్ళన్న మాట ఒక్క నోటా రాలేదు. నీళ్ళు గవరయ్య చూసినవి కదా.

ఏడో రోజున గవరయ్య పాకలోకెళ్ళాడు. టార్చిలైటులోంచి బ్యాటరీలు ఊడదీసి మీటరుకి వేశాడు. నోట్లో పోసుకుని తియ్యగా ఉన్నాయనుకున్న నీళ్ళలోనే దాన్ని ముంచాడు. ముల్లు ఎర్రగీత దాటి ఆ చివరికి పోయి కొట్టుకుంది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ అదే.

తలుపు దించేసి, మీటరు మేకుకి తగిలించి, ఇంటికొచ్చాడు.

పైడమ్మ గంజి పెట్టింది. అతని పెళ్ళాం పెద్ద మాటకారి. ఆ రోజు ఏమీ మాట్లాడకుండా ఎదురుగా కూచుంది. గవరయ్య ముంత ఎత్తి గడగడా తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఎలాగుంది మావా?"

"బాగుంది."

"పిడికెడు ఉప్పేశానందులో. ఇందాక కుక్కకి పోస్తే మూతి పెట్టి పారిపోయింది."

గవరయ్య ముంత కింద పెట్టాడు.

"ఉప్పు డబ్బా వారానికే అయిపోతంటే ఎలకలు తింటన్నాయా అనుకున్నాను. తినేది ఎలకలు కాదు. ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలుగా తగ్గతా వచ్చింది."

"గుంటకి చెప్పావా?"

"ముసలితనం అనుకున్నాను."

"అనుకున్నావో, అనుకోవాలనుకున్నావో." పైడమ్మ గొంతు పెంచలేదు. అదే ఎక్కువ తగిలింది. "కూతురి పంటకి పేరు పోద్దని నోరు మూసుకున్నావు. ఆ నోటితోనే నీళ్ళు తియ్యనన్నావు."

ఆవిడ చెప్పింది నిజం. గవరయ్య లేచి చొక్కా వేసుకున్నాడు.

మిగిలిన పదకొండు ఇళ్ళకీ ఆ మధ్యాహ్నమే తిరిగాడు. గడపలో నిలబడి ఒక్క ముక్కే అడిగాడు, "ఉప్పు తెలస్తందా?" ఒకడు చూరు వంక చూశాడు. ఒకావిడ పమిట సర్దుకుంది. కల్లుగీత లచ్చన్న మాత్రం నవ్వబోయి మానేశాడు.

"పెట్టిన కూడుకి వంక పెడితే వచ్చే జన్మలో కాకై పుడతావని మా అమ్మ చెప్పింది గవరయ్య బావా. అందులోనూ మన గుంట పెట్టిన కూడు. బాగోలేదని ఏ నోటితో అనమంటావు? నాకొక్కడికే అనుకున్నాను."

పదకొండుమందీ అంతే. ఎవరికి వాళ్ళు, తమకొక్కరికే అనుకున్నారు.

ప్రయోగశాలలో తవిటమ్మ సభకి కాగితాలు సర్దుకుంటోంది. తండ్రి పగటిపూట ఇక్కడికి రావడం ఎప్పుడూ లేదు. చేతిలో కాగితాలు కింద పెట్టేసింది.

గవరయ్య చెప్పాడు. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ఆమె ఆదివారం జవాబులు రాసుకున్న పుస్తకం తెరిచి పేజీలు తిప్పింది.

"నేను అడిగాను కదయ్యా. ఒక్క వారం కూడా తప్పకుండా అడిగాను."

"ఎలా ఉందని అడిగావు. బాగోలేదని ఎవరంటారు?"

"అనరు." నుదురు కొట్టుకుంది. "అనరని నాకు తెలీదా? నేనూ ఈ ఇళ్ళలో తినే పెరిగాను. పట్నం యంత్రాలతో కాలేయం చూపించాను గానీ మనోళ్ళు కూడుకి వంక పెట్టరన్నది మర్చిపోయాను. ఏం చదువయ్యా నాది?"

"చదువు మంచిదే. ఇప్పుడు చూడు, ఏటయిందో."

తొమ్మిది రోజులు ఆమె షెడ్డులోంచి ఇవతలికి రాలేదు. పైడమ్మ అన్నం పట్టుకెళ్ళి, తినేదాకా నిలబడి వచ్చేది. పదో రోజు తవిటమ్మే ఇంటికొచ్చింది. అరుగు మీద కూచుని, తండ్రికి అర్థమయ్యేలా చెప్పింది. గింజలోకి ఉప్పు రాకుండా మొక్క ఒక పదార్థాన్ని కాపలా పెట్టుకుంది. ఆ కాపలా అన్నంలోనూ ఉంది. తింటే నాలుక మీద చేరి, ఉప్పు తెలిసే చోటల్లా కూచుంటోంది. కూచున్నది లేవడం లేదు. దాన్ని తీసేస్తే గింజ ఉప్పుగడ్డ అవుతుంది.

"ఇంకో దారి?"

"ఉంది. ఏడేళ్ళు పట్టొచ్చు, పదేళ్ళు పట్టొచ్చు."

"ఓడ అన్నాళ్ళు ఆగదు."

"ఆగదు. సభలో చెప్తే పంట ఆగిపోద్ది అయ్యా. చెప్పకపోతే దీవంతా నీలాగ అవుద్ది. ఏడాది పిల్లలతో సహా."

గవరయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "సభ ఎల్లుండి కదా. నేనూ వస్తాను."

సంతషెడ్డులో సభ. పొద్దున్నే జనం కిక్కిరిశారు. మార్సెల్ క్రియోలు మనిషి, తెలుగు మాత్రం తెలుగువాళ్ళకన్నా స్పష్టంగా మాట్లాడతాడు. గోడమీద అతని పటం వేలాడుతోంది, తీరమంతా ఆకుపచ్చగా.

తవిటమ్మ లేచి దాచకుండా చెప్పింది. తను అడగాల్సింది అడగలేదనీ చెప్పింది. షెడ్డులో గుసగుస మొదలైంది. అప్పుడు గవరయ్య లేచాడు.

"తోటలు మాడింది తెగులు కాదు. ఉప్పునీళ్ళు. నా నాలుక చచ్చింది. తెలిసీ చెప్పలేదు."

గుసగుస ఆగిపోయింది. తరవాత ఒక్కసారి విరుచుకుపడ్డారు.

"నీ ఒక్క మాట మీద నూట నలభై ఎకరాలు వదిలామయ్యా!"

"ఔను."

"మీటరు మేకుకి పెట్టి నిన్ను నమ్మామే!"

"ఔను."

తిట్టేవాళ్ళకి ఎదురు రాకపోతే తిట్టు ఎంతసేపో సాగదు. మార్సెల్ బల్ల మీద చేత్తో కొట్టాడు.

"గవరయ్యగారిని తర్వాత తిట్టుకోవచ్చు. ముందు లెక్క వినండి. గోదాములో నాలుగు నెలల బియ్యం ఉంది. ఇవాళ నారు పోస్తే ఆ నాలుగు నెలలకి మడవడ్లు చేతికొస్తాయి. పొయ్యకపోతే, ఆ పైన ఓడ వచ్చేదాకా మూడు నెలలు గోదాము ఖాళీ. దుంపలూ పోయాయి. ఏం తిందామో మీరే చెప్పండి."

"చేపలున్నాయి కదా" అన్నాడు వెనకనించి ఒక పడవవాడు.

"మూడు పూటలా చేపలే తింటే నీకు మొప్పలు మొలుస్తాయిరా" అంది సోములమ్మ. ఆవిడకి డెబ్బై రెండు, నోటికి పాతిక.

నవ్వులయ్యాక ఎవరో అన్నారు, "అయినా ఉప్పేగా. చావు కాదు, రోగం కాదు. పోతే పోనీ, అందరం తిందాం."

"కాదు" అన్నాడు గవరయ్య.

ఇంకా నిలబడే ఉన్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కాబట్టి జనం విన్నారు.

"పోతే పోనీ అన్నంత కాదది. కూడు మట్టిలాగుంటాది. అది ఓర్చుకోవచ్చు. మా అమ్మ ఎండుచేపల పులుసు కాసేది. ఆ రుచి కళ్ళు మూసుకుంటే వచ్చేది నాకు. ఇప్పుడు రాటం లేదు. అమ్మ కనపడతాది, పులుసు కనపడతాది, రుచి రాదు. పిల్లలకి పెట్టకండి. పెరిగి తూము చూడాల్సినోళ్ళు, వండాల్సినోళ్ళు. ఆళ్ళకి నాలుకుండాలి."

"మరి ఎవరికి పెట్టమంటారు?" అన్నాడు మార్సెల్.

"మాకు పెట్టండి. అరవై దాటినోళ్ళకి. ఓడ బియ్యం పిల్లలకి ఉంచండి. సముద్రం కూడు మేం తింటాం."

మార్సెల్ పెన్సిలు తీశాడు. షెడ్డంతా ఆ పెన్సిలునే చూస్తోంది. రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.

"అరవై దాటినవాళ్ళు తొమ్మిది వేలు. చాలదు. పంట వచ్చేదాకా అందరం సగం కడుపుతో సర్దుకుని, ఆ పైన పదమూడు వేలమంది ఓడ బియ్యం వదులుకుంటేనే తక్కినవాళ్ళకి ఓడ వచ్చేదాకా సరిపోతుంది. యాభై అయిదుకి దిగాలి. అదీ, ఇష్టమున్నవాళ్ళే."

"నా పేరు రాయి" అంది సోములమ్మ. "డెబ్బై రెండేళ్ళు తిన్నానయ్యా ఉప్పు. తినీ తినీ రక్తపోటు వచ్చింది. ఇకనైనా తగ్గుద్ది."

తవిటమ్మ లేచి ఒక్క షరతు పెట్టింది. ఏం పోతుందో ప్రతి మనిషికీ ముందే చెప్పాలి, చెప్పించుకున్న మనిషే వేలిముద్ర వెయ్యాలి. ఇంకోరు వెయ్యకూడదు. మార్సెల్ ఒప్పుకున్నాడు.

వరస సంతషెడ్డు దాటి, పడవల రేవు దాటి పోయింది. మధ్యాహ్నానికి సిరా అయిపోతే కుంకుడు రసంలో మసి కలిపారు. వరసలో ఒక మీసాలాయన "యాభై ఆరు" అన్నాడు. వెనకనించి వాళ్ళ అక్క అందుకుంది. "నా తరవాత పుట్టిన ఎదవ! నాకే యాభై నాలుగు. బళ్ళో వయసు తక్కువ చెప్పి చేరాడు, ఇక్కడ ఎక్కువ చెప్పి చేరతన్నాడు. ఇంటికి నడు!" చెవి పట్టుకుని లాక్కుపోయింది.

సాయంత్రానికి పదమూడు వేలు దాటాయి. మర్నాడే తీరాన నారు పోశారు.

పైడమ్మకి యాభై ఏడు. వరసలో మొగుడి వెనకే నిలబడి వేలిముద్ర వేసొచ్చింది. వారం తిరక్కుండా తోటలవాళ్ళు అయిదుగురు ఇంటికొచ్చారు. మీటరు రోజూ వాడుతున్నారు. కానీ అది ఒకరోజు ముల్లు ఇరుక్కుని సగం రోజు అబద్ధం చెప్పింది. మీటరు పక్కన ఒక నాలుక కూడా ఉండాలి. దీవిలో పచ్చళ్ళకి ఉప్పు చూడాలంటే అందరూ పిలిచేది పైడమ్మనే.

"కుదరదు. నేను వేలిముద్ర వేశాను" అంది.

"కొట్టేయిస్తాం అత్తా."

"నలభై ఏళ్ళయింది ఈయనా నేనూ ఒక్క కుండలో వండుకు తిని. పరీక్షకని ఆర్నెల్లు విడిగా వండాను, సరే. ఇక బతుకంతా రెండు కుండలా? నువ్వు చెప్పు మావా, కుదరదని."

గవరయ్య ఇంటి కప్పు వంక చూశాడు. తోటలవాళ్ళ వంక చూశాడు. వాళ్ళు కిందటి వారం సభలో తనని తిట్టినవాళ్ళు.

"రెండు కుండలే" అన్నాడు.

పైడమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తెల్లారకముందే తనే తూము మెట్లు దిగింది. దిగి, నీళ్ళు ఉమ్మేసి, గట్టు మీదున్న మొగుణ్ణి తిట్టింది, ఇంత చల్లటి నీళ్ళు ముప్పై ఎనిమిదేళ్ళు ఎలా నోట్లో పోసుకున్నావని. తలుపు మర తిప్పేది మాత్రం గవరయ్యే.

తవిటమ్మ షెడ్డు తాళం మళ్ళీ తీసింది. కాపలా లేకుండా ఉప్పుని ఆపే గింజ కావాలి. ఆదివారాలు తిరగడం మాత్రం మానలేదు. ప్రశ్న మార్చింది. "ఏం బాగోలేదు?" అని అడుగుతోంది. జనం మొదట్లో సిగ్గుపడ్డారు. తరవాత అలవాటు పడి, కోడలు మొదలు ప్రభుత్వం దాకా బాగోలేనివన్నీ చెప్తున్నారు. ఆమెకి రెండో పుస్తకం కొనుక్కోవాల్సొచ్చింది.

నాలుగు నెలలకి పంటొచ్చింది. తీరం పొడుగునా, పోటునీళ్ళలో నిలబడి కోశారు. గోదాములో చివరి బస్తాలకి కుట్లు విప్పేలోపే మడవడ్లు ఇళ్ళకి చేరాయి.

ఆ మధ్యాహ్నం పైడమ్మ పొయ్యి మీద రెండు కుండలు ఎక్కించింది. ఒకదాంట్లో ఓడ బియ్యం, ఒకదాంట్లో మడవడ్ల బియ్యం. కూర ఒక్కటే, ఎండుచేపలూ వంకాయా. గవరయ్య గుమ్మంలో కూచుని చూస్తున్నాడు. ఆవిడ డబ్బాలోంచి ఉప్పు తీసి, కూరలో వేసి, కలిపి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, ఇంకో చిటికెడు వేసింది. మళ్ళీ నాకింది.

"నాకెందుకే అంత చూసుకోడం?" అన్నాడు. "వేసినా వెయ్యకపోయినా నాకు తెలీదు కదా."

పైడమ్మ కంచం పెట్టింది. మడవడ్ల అన్నం తెల్లగా పొగలు కక్కుతోంది. పక్కన కూర వేసింది.

"నాకు తెలుసు కదా" అంది.

గవరయ్య ముద్ద కలిపాడు. తిన్నాడు. కంచం ముందుకి జరిపాడు.

"ఇంకొంచెం వెయ్యి."